తొప్పి మోగాలి, తలుపు కాదు: కారు డోర్లకు బ్యూటైల్ షీట్లు వేయించిన అనుభవం

నేను ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఇప్పుడు కచేరీలకు వాయించడం లేదు గానీ, ఉద్యోగం కోసం రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి వచ్చే దారంతా పాత కచేరీల రికార్డింగులే వింటాను. కారులో అద్దాలు అదిరేంత మోత నాకు అక్కర్లేదు. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే మోగే చోట, ఎడమ చెయ్యి తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద పడినప్పుడు ఆ గుమ్కీ, అంటే మణికట్టు జారుస్తూ తీసే లోతైన నాదం, గుండ్రంగా, నిండుగా వినపడితే చాలు.

మా చిన్న కారుకు తొమ్మిదేళ్లు. నిరుడు ముందు తలుపుల్లో స్పీకర్లు మార్పించాను. పాతవి కాగితంలా మోగేవి, కొత్తవి 6.5 అంగుళాలవి, మంచివే. అయితే గుమ్కీ పడ్డప్పుడల్లా ఎడమ తలుపులో ఎక్కడో "జ్‌ర్‌ర్" అని ఒక జీర. గాత్రం ఒక్కటే ఉన్నప్పుడు రాదు, వయొలిన్‌కు రాదు. మృదంగం అందుకోగానే మొదలు. కనకదుర్గ వారధి మీద అతుకులు దాటేటప్పుడు టైర్ల టకటక కూడా తోడైతే ఇక కచేరీ ఆపేసి కిటికీ దించుకోవడమే మేలనిపించేది.

అంతకు రెండేళ్ల ముందే ఒకచోట "డ్యాంపింగ్" (రేకు అదురు తగ్గించే పని) పేరుతో డబ్బు పోసి ఉన్నాను. ఆ షాపు పేరు చెప్పను. వాళ్లు తలుపు లోపల అంటించింది నల్లటి తారు షీటు. పల్చగా, వంచితే పెళుసుగా ఉండేది. వేసిన నెల రోజులు బాగానే అనిపించింది. తర్వాత వేసవి వచ్చింది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఇక బెజవాడలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు తలుపు రేకు సంగతి చెప్పేదేముంది. ఎక్కగానే కొత్తగా వేసిన రోడ్డు వాసన. ఈ ఏడాది తలుపు విప్పినప్పుడు ఆ షీటు కనిపించిన తీరు చూసి నాకు కడుపు మండిపోయింది. సగం రేకు నుంచి ఊడి, మడతలు పడి, తలుపు అడుగుకు జారిపోయి ఉంది. కిటికీ గాజు పక్కనుంచి దిగే వాననీరు బయటికి పోవడానికి తలుపు కింది అంచున సన్న కంతలుంటాయి కదా, వాటిలో ఒకటి ఆ తారు ముద్దతో పూడుకుపోయింది. చుట్టూ అప్పుడే తుప్పు మొదలైంది. నా కోపమంతా ఆ తుప్పు మీదే. మోత తగ్గకపోతే పోయింది, తలుపును పాడుచేసే హక్కు ఎవరికీ లేదు.

అందుకే ఈసారి సరుకు నేనే కొన్నాను. బ్యూటైల్ రబ్బరు షీట్లు, 2 మిల్లీమీటర్ల మందం, పైన అల్యూమినియం రేకు. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉన్నవి పది, పెట్టె 2,600 రూపాయలు. పెట్టె చేతికి తీసుకోగానే బరువు తెలుస్తుంది, మా ఇంటి కాటా మీద నాలుగు కిలోల పైనే తూగింది. కొనేటప్పుడు నేను చూసినవి రెండే. ఒకటి వాసన: ముక్కు దగ్గర పెట్టుకుంటే తారు వాసన రాకూడదు. రెండోది సాగుడు: అంచు దగ్గర చిన్న ముక్క గిల్లి లాగితే చూయింగ్ గమ్‌లా సాగాలి, పుటుక్కున తెగకూడదు. పెట్టె మీద బ్యూటైల్ అని రాసి లోపల తారు కలిపి ఇచ్చేవాళ్లు ఉంటారు, రాత చూసి కొనకండి.

షీట్లు తీసుకుని ఆటోనగర్‌లో మాకు పాతికేళ్లుగా తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మా నాన్నగారి స్కూటర్ రోజుల నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. నేను పెట్టె తెరవబోతుంటే చేత్తో ఆపారు.

"ముందు దాన్ని పక్కన పెట్టమ్మా. గోల ఎక్కణ్నుంచి వస్తుందో తెలియకుండా షీటు వేస్తే ఏం లాభం?"

"తలుపులోంచే బాబాయ్, రోజూ వింటున్నాను కదా."

"తలుపంటే ఏది? రేకా, ప్లాస్టిక్కా, లోపలి కమ్మీలా? ఫోన్‌లో ఆ బుయ్‌య్ మనే సౌండ్ ఏదో ఉంటుందటగా, అది పెట్టు."

ఆయన చెప్పింది టోన్ జనరేటర్ యాప్ గురించి, మనం కోరిన స్థాయిలో ఒకే స్వరం మోగిస్తుంది. 30 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని ఊపులో చెప్పే లెక్క) నుంచి 200 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కో వస్తువు ఒక్కో దగ్గర మేలుకుంటుంది. నేను లోపల కూర్చుని ఫోన్ తిప్పుతుంటే ఆయన బయట చెవి పెట్టి, అరచేత్తో ఒక్కో చోట నొక్కుతూ పోయారు. నొక్కగానే ఆగితే అదే దొంగ. ఈ గంట పని నాకు మొత్తం అనుభవంలో అన్నిటికన్నా విలువైనదనిపించింది.

60 దాటగానే వెనక నంబర్ ప్లేటు డిక్కీ మూతకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు అది తలుపులోంచి వచ్చినట్టే వినపడుతుంది. ప్లేటు వెనక నాలుగు ఫోమ్ టేపు ముక్కలు, పది రూపాయల పని, ఆగిపోయింది. 80 దగ్గర తలుపు అరలో ఉన్న కళ్లజోడు పెట్టె. దాన్ని తీసేశాం. ఆ తర్వాత 95 దగ్గర నా జీర దొరికింది. లోపలి హ్యాండిల్ నుంచి తాళం దాకా పెన్సిల్ కన్నా సన్నటి ఇనుప కమ్మీ ఒకటి వెళుతుంది. దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు అరిగిపోయి, కమ్మీ లోపలి రేకును తాకీ తాకనట్టు ఆనుకుని ఉంది. బాబాయ్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకోగానే జీర మాయం. వదలగానే మళ్లీ. తంబురాలో తీగల కింద జవారీ దగ్గర దారం జరిపినప్పుడు నాదం మారినట్టు, అంత స్పష్టంగా.

కమ్మీకి, వైర్ల కట్టలకు ఫెల్ట్ టేపు చుట్టాం. టెసా 51608 అని, వైరింగ్ కట్టలకు వాడే మెత్తటి టేపు. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కారి జారిపోతుంది, దీంతో ఆ బాధ లేదు, పైగా గుడ్డలా మెత్తగా ఉంటుంది కాబట్టి రేకుకు తగిలినా చప్పుడు రాదు. ఒక చుట్ట కొంటే రెండు మూడు కార్లకు వస్తుంది. తలుపు లోపలి ప్లాస్టిక్ పలకను (ట్రిమ్) పట్టే క్లిప్పుల్లో విరిగినవాటికి రెండు కొత్తవి వేశాం.

ఇదంతా అయ్యాకే షీట్లు. పాత తారును గోకడానికే గంటన్నర పట్టింది. కిరసనాయిలుతో తుడిచి, తుప్పు గీకి ప్రైమర్ పూసి, ఆరాక స్పిరిట్‌తో జిడ్డు పూర్తిగా తీశాం. రేకు మీద జిడ్డుంటే ఎంత ఖరీదైన షీటైనా నిలవదు. బయటి రేకు లోపలి వైపు మొత్తం కప్పలేదు. మధ్యలో, ఎక్కడ వేలితో కొడితే ఎక్కువ మోగుతుందో అక్కడ, మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా వేశాం. రేకు ఊగేది ముఖ్యంగా మధ్యలోనే, అంచులు ఎటూ బిగిసే ఉంటాయి. షాపుల్లో "ఫుల్ కవరేజ్" అని అమ్మేదాంట్లో చాలా భాగం వృథా బరువే.

అసలు పనంతా రోలర్‌తో. షీటు పైన అల్యూమినియం మీద చిన్న చిన్న డైమండ్ గళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి పూర్తిగా అణగి నున్నగా అయ్యేదాకా రోలర్‌తో నొక్కాలి. గళ్లు కనిపిస్తున్నాయంటే అక్కడ గాలి మిగిలినట్టే. లోపల చెయ్యి సరిగ్గా పట్టదు, అయినా వదలకూడదు. అల్యూమినియం అంచు బ్లేడులా కోస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. అక్కడి కుర్రాడికి వేలు తెగింది, కట్టు కట్టాకే మళ్లీ పని మొదలుపెట్టనిచ్చాను.

ఇది ఎలా పనిచేస్తుందో నాకు మృదంగం వల్ల తేలిగ్గా అర్థమైంది. కచేరీకి ముందు తొప్పి మధ్యలో బొంబాయి రవ్వ ముద్ద పెడతాం. ఆ బరువుకు చర్మం నెమ్మదిగా ఊగి శ్రుతి కిందికి దిగుతుంది. షీటు కూడా రేకుకు బరువు కలుపుతుంది, కానీ అంతటితో ఆగదు. కింద రేకు ఊగుతుంటే పైన అల్యూమినియం పొర సాగనని మొండికేస్తుంది, మధ్యలో బ్యూటైల్ నలుగుతుంది. ఆ నలుగుడులో ఊపు వేడిగా మారి చచ్చిపోతుంది. తొప్పికి నాదం నిలవాలి, తలుపుకు నిలవకూడదు. వేయకముందు వేలి కణుపుతో కొడితే "డంగ్‌గ్" అని మోగిన రేకు, వేశాక "దబ్" అని ఊరుకుంది. అదే కంపెనీ, అదే కారు, కుడి ఎడమ తలుపులు పక్కపక్కన కొట్టి చూస్తే, ఇంకా వెయ్యని తలుపు నూనె డబ్బాలా అనిపించింది.

ఇక లోపలి రేకు. దానికి చెయ్యి పట్టేంత కంతలుంటాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు మాత్రమే ఉంటుంది. స్పీకర్ ముందుకు తోసే గాలీ, వెనక లాగే గాలీ ఆ కంతల గుండా కలిసిపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి, బేస్ పోతుంది. చిన్న కంతలను షీటుతోనే మూశాం. పెద్ద కంతకు షీటు ఒక్కటే వేస్తే అది డప్పు చర్మంలా ఊగుతుందని బాబాయ్ సన్న అల్యూమినియం రేకు కత్తిరించి, నాలుగు స్క్రూలతో బిగించి, దాని మీద షీటు వేశారు. రేపు గాజు మోటారు పోతే అంచు వెంట బ్లేడుతో కోసి స్క్రూలు విప్పుకోవచ్చు. ఇంత ముందుచూపు నేను ఇంతకుముందు వెళ్లిన ఏ యాక్సెసరీస్ షాపులోనూ చూడలేదు. అడుగున నీటి కంతల జోలికి పోలేదు. గాజు పూర్తిగా దించి, ఎత్తి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే ట్రిమ్ మూశాం. మీ కారు తలుపులో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉంటే మాత్రం అది తెలిసినవాళ్లతోనే చేయించుకోండి. కొన్ని కార్లలో అది తలుపు లోపలి గాలి ఒత్తిడి చూసి పనిచేస్తుంది.

రెండు తలుపులకు ఎనిమిదిన్నర షీట్లు పట్టాయి. కూలీ 1,200, టేపులు, క్లిప్పులు, ప్రైమర్ కలిపి 800. షీట్లతో మొత్తం 4,600 రూపాయలు. ఒకరోజు పోయింది.

ఫలితం చెప్తాను. మర్నాడు పొద్దున మంగళగిరి దాటాక రోడ్డు సాఫీగా ఉన్నచోట తని ఆవర్తనం పెట్టాను. గుమ్కీ వచ్చింది. చేతి మణికట్టు చర్మం మీద జారుతూ శ్రుతి పైకి లేచే ఆ వంపు, దాని చివర నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి ఇంతకాలం తలుపు దూరేది. స్పీకర్లు మార్చినప్పుడు కూడా నాకు ఇంత తేడా తెలియలేదు. వాల్యూమ్ 22 దగ్గర వినేదాన్ని ఇప్పుడు 17 దగ్గర వింటున్నాను. తలుపు వేసినప్పుడు చప్పుడు కూడా బరువుగా, ముద్దగా వస్తోంది.

అయితే రోడ్డు చప్పుడు తగ్గుతుందని ఆశపడి ఇవి వేయించుకోకండి. హైవే మీద 80 స్పీడులో ఫోన్ యాప్‌లో ముందు 72 డెసిబెల్స్ చూపించేది, ఇప్పుడు 71 చూపిస్తోంది. చెవికి తేడా తెలియడం లేదు. టైర్ల రొద నేల లోంచీ చక్రాల పైనున్న గుంతల్లోంచీ వస్తుంది, తలుపు షీటు దాన్నేం చేస్తుంది? దానికి నేల మొత్తం విప్పి, మీద ఫోమ్, బరువైన వినైల్ పొర వేయాలి. ఒకచోట మొత్తం కారుకు 18,000 అడిగారు. నా వాడకానికి అది దండగనిపించి వద్దన్నాను. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కిచకిచలకు కూడా ఈ షీటు మందు కాదు, అక్కడ పనిచేసేది ఫెల్ట్ టేపే.

డబ్బు తక్కువుంటే వరస ఇలా పెట్టుకోండి: నంబర్ ప్లేటు, కమ్మీలు, క్లిప్పులు ముందు, ఐదారొందల్లో అయిపోతుంది. నా జీర నిజానికి అక్కడే పోయింది. ఆ తర్వాత లోపలి రేకు కంతలు మూయించండి, బేస్ తిరిగొచ్చేది దాంతోనే. బయటి రేకు ఆఖర్న.

మే నెల మొత్తం కారు ఎండలోనే ఉంది. గత వారం స్పీకర్ ఒకటి విప్పించి టార్చిలైటు వేసి లోపల చూశాను. ఒక్క అంచు కూడా లేవలేదు, వాసన లేదు. మిగిలిన ఒకటిన్నర షీటు డిక్కీ మూతకని దాచాను. మొదటి పెద్ద వాన పడ్డాక తలుపు అడుగు కంతల్లోంచి నీళ్లు సరిగ్గా కారుతున్నాయో లేదో చూసి, అప్పుడు బాబాయ్ దగ్గరికి మళ్లీ వెళ్తాను.