ఆర్‌లో సెగ్‌ఫాల్ట్ వస్తే ఏ టూల్ నిజంగా పనికొస్తుంది: వాడి చూసి రాస్తున్న రివ్యూ

ఆర్ భాషలో మామూలు కోడ్ తప్పు రాస్తే ఎర్రర్ మెసేజ్ వస్తుంది, ట్రేస్‌బ్యాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరుస) చూసుకుంటాం, సరిచేసుకుంటాం. స్పీడ్ కోసం సి లోనో సి ప్లస్ ప్లస్ లోనో రాసిన భాగం తప్పితే మాత్రం కథ వేరు. "కాట్ సెగ్‌ఫాల్ట్" (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ పడిపోయిందని) అని ఒక లైను, ఏదో ఒక అడ్రస్, "మెమరీ నాట్ మ్యాప్డ్" అని కారణం, ఆ తర్వాత అబార్ట్ చేయాలా, మామూలుగా బయటికి రావాలా అంటూ నాలుగు ఆప్షన్లు. ఆ ఆప్షన్లకి ముందు ట్రేస్‌బ్యాక్ కూడా ఇస్తుంది కానీ అది ఆర్ ఫంక్షన్ల వరకే, సి కోడ్‌ని పిలిచే డాట్ కాల్ దగ్గర ఆగిపోతుంది. మనకి కావలసింది ఆ గీతకి అవతల ఉంది.

ఈ రివ్యూలో ఒక్కటే కొలత పెట్టుకున్నాను. తప్పు పుట్టిన చోటికి ఈ టూల్ నన్ను ఎంత దగ్గరగా తీసుకెళ్తుంది? ఎందుకంటే ఆర్ మెమరీ బగ్గుల్లో క్రాష్ అయిన లైను దాదాపు ఎప్పుడూ దోషి కాదు. ఒక వెక్టర్‌ని కేటాయించి ప్రొటెక్ట్ చేయడం (ఇది ఇంకా వాడుతున్నానని ఆర్‌కి చెప్పడం) మర్చిపోయారనుకోండి, ఆ తర్వాత ఎప్పుడైనా, ఇంకో వెక్టర్‌కో స్ట్రింగ్‌కో చోటు అడిగినప్పుడు, గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని వెనక్కి తీసుకునే భాగం) లేచి "ఇది ఎవరికీ అక్కర్లేదు" అని దాన్ని తీసేస్తుంది. ఆ చోటులోకి ఇంకేదో వస్తుంది, ఇంకెప్పుడో, పూర్తిగా సంబంధం లేని ఫంక్షన్‌లో పడిపోతుంది. పడిపోతే ఇంకా నయం. పడిపోకుండా తప్పు అంకెలు ఇస్తే? స్టాటిస్టిక్స్ చేసే భాషలో నాకు అన్నిటికంటే భయం అదే. స్టాండర్డ్ ఎర్రర్ కొంచెం తేడాగా వచ్చిందంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి.

ముందు జీసీటార్చర్. ఇది ఆర్‌తోనే వస్తుంది, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు, ట్రూ అని పిలిస్తే మెమరీ అడిగిన ప్రతిసారీ దాదాపుగా గార్బేజ్ కలెక్షన్ జరిగేలా చేస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే క్రాష్ ఇప్పుడు ప్రతిసారీ వస్తుంది, అదీ పుట్టిన చోటికి చాలా దగ్గరగా. కాకపోతే విపరీతమైన స్లో. స్క్రిప్ట్ మొదట్లోనే ఆన్ చేసి పెడితే ప్యాకేజీలు లోడ్ అవడానికే విసుగొస్తుంది, కాబట్టి అనుమానం ఉన్న ఒక్క కాల్‌కి ముందు ఆన్ చేసి వెంటనే ఆఫ్ చేయండి. అప్పటికీ భరించలేకపోతే జీసీటార్చర్2 ఉంది, అందులో ఎన్ని కేటాయింపులకి ఒకసారి కలెక్షన్ జరగాలో స్టెప్ ఇవ్వొచ్చు.

దీని అసలు లోపం స్లో కాదు. కలెక్టర్ తీసేసిన మెమరీలో పాత విలువ అలాగే ఉండిపోవచ్చు, అప్పుడు బగ్ ఉన్నా జవాబు సరిగ్గానే వస్తుంది. దీనికి మందు ఆర్‌ని స్ట్రిక్ట్ బ్యారియర్ ఆప్షన్‌తో మళ్ళీ బిల్డ్ చేసుకుని, జీసీటార్చర్2లో ఇన్‌హిబిట్ రిలీజ్ (తీసేసిన మెమరీని ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచే ఆప్షన్) పెట్టడం. అప్పుడు తీసేసిన వస్తువుని ఎవరైనా ముట్టుకుంటే "అన్‌ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్ ఎన్‌కౌంటర్డ్" అని, అది ఒకప్పుడు ఏ రకం వస్తువో కూడా చెబుతూ ఆగుతుంది. ఇంత మంచి ఎర్రర్ మెసేజ్ మామూలు బిల్డ్‌లో రాదు, చాలామందికి ఇది ఉందనే తెలియదు. అలా బిల్డ్ చేసుకుంటే ఐదుకి నాలుగున్నర ఇస్తాను, మామూలు బిల్డ్‌లో అయితే మూడున్నర.

వాల్‌గ్రైండ్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని మెమరీ వాడకాన్ని తనిఖీ చేసే టూల్) గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు పరుగెత్తేది దీని దగ్గరికే, అందరూ అపార్థం చేసుకునేదీ దీన్నే. ఆర్‌ని మైనస్ డి ఆప్షన్‌తో వాల్‌గ్రైండ్ కింద నడపొచ్చు, ప్యాకేజీని మళ్ళీ కంపైల్ చేయకపోయినా నడుస్తుంది (డీబగ్ సమాచారం లేకపోతే లైన్ నంబర్లు రావు, అంతే). హద్దు దాటి చదవడం, రాయడం, విలువ పెట్టని మెమరీ మీద ఆధారపడి ఇఫ్ కండిషన్ నడపడం, ఇవన్నీ చెబుతుంది. ట్రాక్ ఆరిజిన్స్ ఆన్ చేస్తే ఆ విలువ లేని మెమరీ మొదట ఎక్కడ కేటాయించారో కూడా చూపిస్తుంది. నా కొలతకి సరిగ్గా సరిపోయే ఫీచర్ అదే. ఇరవై ముప్పై రెట్లు నెమ్మదిస్తుందని వాల్‌గ్రైండ్ వాళ్ళే రాసుకున్నారు, అందుకని చిన్న ఉదాహరణతో నడపండి, మొత్తం టెస్ట్ సూట్‌తో కాదు.

అపార్థం ఎక్కడంటే, ఆర్ చిన్న వెక్టర్ల కోసం ప్రతిసారీ మాలాక్‌ని (సిలో మెమరీ ఇచ్చే ఫంక్షన్‌ని) అడగదు. డేటా 128 బైట్ల వరకు ఉంటే తన దగ్గర ముందే తీసి పెట్టుకున్న పేజీల నుంచి ముక్కలు ఇస్తుంది. వాల్‌గ్రైండ్‌కి బయటి నుంచి ఆ పేజీ మొత్తం ఒకే ముక్కలా కనబడుతుంది. మీరు ఐదు అంకెల వెక్టర్‌లో ఆరో స్థానంలో రాసినా, పక్క వెక్టర్ తల మీద రాసినా, అది నోరు మెదపదు. "వాల్‌గ్రైండ్ క్లీన్‌గా వచ్చింది, నా కోడ్ సేఫ్" అనేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. హద్దు దాటడం మీద అనుమానం ఉంటే పెద్ద వెక్టర్లతో నడపండి, అప్పుడే అది చూడగలుగుతుంది. ఇంకో దారి ఆర్‌ని వాల్‌గ్రైండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌తో బిల్డ్ చేయడం. లెవెల్ 1 పెడితే కొత్తగా కేటాయించిన వెక్టర్లలో విలువ పెట్టని చోట్లు తెలుస్తాయి, లెవెల్ 2 అయితే తీసేసిన వెక్టర్ డేటాని ముట్టుకున్నా పట్టుకుంటుంది. లెవెల్ 2కి జీసీటార్చర్ కూడా తోడైతే ప్రొటెక్ట్ బగ్ దాక్కోవడం చాలా కష్టం, కానీ మీకు ఓపిక ఉండాలి.

వాల్‌గ్రైండ్ వాడేవాళ్ళని తికమక పెట్టేవి ఇంకో రెండు. ఒకటి, ఆర్ బయటికి వచ్చేటప్పుడు తన మెమరీ అంతా విడుదల చేయదు, కాబట్టి "స్టిల్ రీచబుల్" అనే పెద్ద అంకె చూసి టెన్షన్ పడొద్దు. "డెఫినిట్లీ లాస్ట్" అన్నవాటిలో, అదీ మీ ప్యాకేజీ ఫంక్షన్ పేరు ఉన్న స్టాక్‌లు (ఫంక్షన్ పిలుపుల వరుసలు) మాత్రమే చూడండి. రెండోది అంకెల గురించి. ఆర్ సమ్, మీన్ లాంటివాటిలో లాంగ్ డబుల్ వాడుతుంది, మామూలు ఇంటెల్ తరహా మెషిన్ల మీద అది 80 బిట్లు, వాల్‌గ్రైండ్ దాన్ని 64 బిట్లతోనే అనుకరిస్తుంది. అందుకని వాల్‌గ్రైండ్ కింద చివరి దశాంశాలు మారి ఏదైనా టెస్ట్ ఫెయిల్ అయితే అది మీ మెమరీ బగ్ కాకపోవచ్చు. ఇది తెలియక రోజులు పోగొట్టుకునేవాళ్ళని చూశాను.

అడ్రస్ శానిటైజర్ దీనికి పూర్తిగా వేరే రకం. కంపైల్ చేసేటప్పుడే తనిఖీలు కోడ్‌లో కలిపేస్తుంది, కాబట్టి నెమ్మదించడం సుమారు రెండు రెట్లే, మొత్తం టెస్ట్‌లు హాయిగా నడుస్తాయి. స్టాక్ మీద (ఫంక్షన్ లోకల్ వేరియబుల్స్ ఉండే చోట) ఉన్న అర్రేలు, గ్లోబల్ అర్రేల హద్దులు దాటితే ఇది పట్టుకుంటుంది, వాటి విషయంలో వాల్‌గ్రైండ్ గుడ్డిది. విలువ పెట్టని మెమరీని మాత్రం ఇది పట్టించుకోదు, కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి కాదు, రెండూ కావాలి. చిన్న వెక్టర్ల పేజీల సమస్య దీనికీ ఉంది. రిపోర్ట్ మాత్రం ఎంత బాగుంటుందంటే, ఎక్కడ తప్పు చదివారు, ఆ మెమరీ ఎక్కడ కేటాయించారు, ఎక్కడ విడుదల చేశారు, మూడు స్టాక్‌లూ ఒకేచోట. బాధంతా సెటప్‌లో. ప్యాకేజీ ఒక్కటే శానిటైజర్‌తో కంపైల్ చేస్తే ఆర్ దాన్ని లోడ్ చేసుకోను అంటుంది, లైబ్రరీని ముందే లోడ్ చేయించాలి, లేదంటే ఆర్‌నే శానిటైజర్‌తో బిల్డ్ చేసుకోవాలి, ఆ పైన లీక్ తనిఖీ ఆఫ్ చేయకపోతే ఆర్ సొంత మెమరీ గురించి పేజీలకి పేజీలు వస్తుంది. దీనితోపాటే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ కూడా ఆన్ చేసుకోండి. ఆర్‌లో ఇంటీజర్ ఎన్ఏ అంటే సి దృష్టిలో ఇంట్ రకానికి ఉన్న అతి చిన్న విలువ, దాని గుర్తు తిప్పినా దానిలోంచి ఒకటి తీసేసినా ఓవర్‌ఫ్లో, అలాంటి చోట్లు ఇది లైన్ నంబర్‌తో సహా చూపిస్తుంది.

ఇన్నీ నడిపించి చూసే టూల్సే. నడిపించకుండా చదివి చెప్పేది ఆర్‌సీహెచ్‌కే. ఆర్ కోర్ టీమ్‌లో ఉన్న టోమాస్ కాలిబెరా తయారుచేసింది, ఎల్‌ఎల్‌వీఎమ్ బిట్‌కోడ్ (కంపైలర్ మధ్యలో తయారుచేసే రూపం) మీద పనిచేస్తుంది, ఏ వేరియబుల్ ప్రొటెక్ట్ కాకుండా ఉండగా మెమరీ అడిగే ఫంక్షన్‌ని పిలిచారో వెతికి పెడుతుంది. దీని విలువ అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చాలు. సెట్ అట్రిబ్‌లో (ఆర్ వస్తువుకి అట్రిబ్యూట్ తగిలించే సి ఫంక్షన్‌లో) పేరు కోసం ఇన్‌స్టాల్, విలువ కోసం స్కేలార్ ఇంటీజర్, రెండూ ఒకే లైనులో ఆర్గ్యుమెంట్లుగా రాస్తాం, చూడ్డానికి ఏ తప్పూ ఉండదు. కానీ ఆర్గ్యుమెంట్లని ఏ వరుసలో లెక్కించాలో సి భాష చెప్పదు. స్కేలార్ ముందు తయారై, తర్వాత ఇన్‌స్టాల్ మెమరీ అడిగితే, ఆ స్కేలార్ పోవచ్చు. పైగా ఇన్‌స్టాల్ కొత్త పేరైతేనే మెమరీ అడుగుతుంది, రెండోసారి పిలిస్తే పాతదే ఇస్తుంది. అంటే ఈ బగ్‌కి ఒక సెషన్‌లో ఒక్క అవకాశమే ఉంటుంది, ఆ ఒక్కసారి జీసీటార్చర్ ఆన్‌లో లేకపోతే ఎన్నిసార్లు నడిపినా దొరకదు. ఆర్‌సీహెచ్‌కే దాన్ని ఒక్క పాస్‌లో చూపిస్తుంది. లేనిపోని ఫిర్యాదులు కూడా చేస్తుంది, సి ప్లస్ ప్లస్ కోడ్ మీద ఆ గోల మరీ ఎక్కువ, ప్రతి లైనూ కూర్చుని చదవాలి. అయినా సి కోడ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను, మొహమాటం లేకుండా.

జీడీబీ అనే డీబగ్గర్ గురించి క్లుప్తంగా. మైనస్ డి జీడీబీతో ఆర్ మొదలుపెట్టి, క్రాష్ అయ్యాక బీటీ కొడితే సి స్టాక్ కనబడుతుంది. మేక్‌వార్స్ ఫైల్‌లో జి ఆప్షన్ పెట్టి ఆప్టిమైజేషన్ సున్నా చేయకపోతే సగం వేరియబుల్స్ "ఆప్టిమైజ్డ్ అవుట్" అంటాయి, అది మర్చిపోవద్దు. ఆర్ఎఫ్ ప్రింట్ వాల్యూని కాల్ చేస్తే పాయింటర్ వెనక ఉన్న ఆర్ వస్తువు తెర మీదకి వస్తుంది, అది భలే సుఖం. కానీ నా కొలత ప్రకారం ఇది క్రాష్ దగ్గరికే తీసుకెళ్తుంది, పుట్టిన చోటికి కాదు.

ఇప్పుడు ఈ టూల్స్ ఏవీ పట్టుకోలేని ఒక బగ్ గురించి చెప్పాలి, నిజానికి నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. సి ఫంక్షన్‌కి వచ్చిన వెక్టర్‌ని కాపీ చేయకుండా అక్కడికక్కడే మార్చేయడం. మెమరీ పరంగా అది పూర్తిగా సక్రమం, హద్దు దాటలేదు, విడుదలైనదాన్ని ముట్టుకోలేదు, కాబట్టి వాల్‌గ్రైండ్‌కీ శానిటైజర్‌కీ అందులో తప్పు కనబడదు. కానీ ఆర్‌లో ఎక్స్, వై రెండూ అదే వెక్టర్‌ని చూస్తుంటే, ఎక్స్ ఇచ్చి ఫంక్షన్ పిలిస్తే వై కూడా మారిపోతుంది. ఆర్‌సీపీపీ (ఆర్‌కి సి ప్లస్ ప్లస్‌ని కలిపే ప్యాకేజీ) వాడేవాళ్ళు ప్రొటెక్ట్ బెడద తప్పిందని నిశ్చింతగా ఉంటారు, అది నిజమే, కానీ అందులో న్యూమరిక్ వెక్టర్ కూడా అసలు మెమరీనే చూపిస్తుంది, కాపీ కాదు. ఇంకా తమాషా, ఇంటీజర్ వెక్టర్ ఇస్తే డబుల్‌గా మార్చడానికి కాపీ అవుతుంది, అసలుది క్షేమం. డబుల్ ఇస్తే అసలుదే మారుతుంది. ఒకటి నుంచి పది వరకు కోలన్‌తో టెస్ట్ రాస్తే పాస్, అసలు డేటాతో ఫెయిల్.

దీనికి చిన్న సాధనాలే దిక్కు. డాట్ ఇంటర్నల్ ఇన్‌స్పెక్ట్‌తో వెక్టర్ అడ్రస్, దాని రిఫరెన్స్ కౌంట్ చూడొచ్చు (ఆర్ 4.0.0 నుంచి, అంటే 2020 నుంచి, అసలైన రిఫరెన్స్ కౌంటింగ్ ఉంది). ట్రేస్‌మెమ్ పెడితే ఎప్పుడు కాపీ అయిందో చెబుతుంది, కాపీ అవ్వాల్సిన చోట అది మౌనంగా ఉందంటే అక్కడ వెతకండి. ఫంక్షన్ లోపల రాసిన స్థిర విలువనే సి కోడ్ మార్చేస్తే ఆ ఫంక్షనే శాశ్వతంగా మారిపోతుంది, అలాంటిదాన్ని పట్టుకోవడానికి ఆర్ చెక్ కాన్‌స్టాంట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, 5 పెడితే కాన్‌స్టాంట్ మారిన వెంటనే గొడవ చేసి సెషన్ ఆపేస్తుంది. ఇంత ఉపయోగపడేదాన్ని ఇంకా ఎక్కువమంది వాడాలి.

సెటప్ బాధ అన్నాను కదా, దానికి నేను సంతోషంగా సిఫార్సు చేసేది విన్‌స్టన్ చాంగ్ పెట్టిన ఆర్ డీబగ్ అనే డాకర్ ఇమేజ్ (అన్నీ ముందే అమర్చి పెట్టిన ప్యాక్). మామూలు డెవలప్‌మెంట్ బిల్డ్, వాల్‌గ్రైండ్ బిల్డ్, జీసీసీ శానిటైజర్ బిల్డ్, క్లాంగ్ శానిటైజర్ బిల్డ్, స్ట్రిక్ట్ బ్యారియర్ బిల్డ్, అన్నీ వేర్వేరు పేర్లతో ఒకే ఇమేజ్‌లో ఉన్నాయి. సైజు పెద్దది, ప్రతి బిల్డ్‌లోనూ ప్యాకేజీలు విడివిడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, లోపల జీడీబీ నడవాలంటే సెక్‌కాంప్ ఆంక్షలు (డాకర్ పెట్టే భద్రతా పరిమితులు) ఎత్తేసి మొదలుపెట్టాలి. ఇవి పెద్ద ఇబ్బందులు కావు. ఆర్‌ని ఐదు రకాలుగా సొంతంగా కంపైల్ చేసుకోవడంతో పోలిస్తే ఇది వరం. విండోస్ వాడేవాళ్ళకి అయితే వాల్‌గ్రైండ్ అక్కడ నడవదు కాబట్టి ఈ ఇమేజ్ తేలికైన దారి.

ప్యాకేజీని క్రాన్‌కి (ఆర్ ప్యాకేజీల ప్రధాన భాండాగారానికి) పంపేవాళ్ళు ఈ పని ఎలాగూ తప్పించుకోలేరు, అక్కడ వాల్‌గ్రైండ్, శానిటైజర్లు, ఆర్‌సీహెచ్‌కే అన్నీ విడిగా నడిపి అదనపు సమస్యలని చూపిస్తారు, సరిచేయమని గడువు పెట్టి మెయిల్ వస్తుంది. నేనైతే ముందు ఆర్‌సీహెచ్‌కే, అది శుభ్రంగా వచ్చాక శానిటైజర్ బిల్డ్‌లో మొత్తం టెస్ట్‌లు, ఆ తర్వాత స్ట్రిక్ట్ బ్యారియర్ బిల్డ్‌లో చిన్న ఉదాహరణలకి జీసీటార్చర్, వాల్‌గ్రైండ్ చివరికి. సి ప్లస్ ప్లస్ కోడ్ అయితే ఇంకోటి చూసుకోండి: ఆర్ ఎర్రర్ ఫంక్షన్‌ని నేరుగా పిలిస్తే అది లాంగ్ జంప్ చేసి, అంటే మధ్యలో ఉన్న ఫంక్షన్లన్నీ దాటేసి వెళ్ళిపోతుంది, మధ్యలో ఉన్న డిస్ట్రక్టర్లు (వస్తువుల పని అయ్యాక శుభ్రం చేసే కోడ్) నడవవు, వెక్టర్లు ఫైల్ హ్యాండిళ్ళు అలాగే లీక్ అవుతాయి. ఆర్‌సీపీపీ స్టాప్ వాడండి. వాల్‌గ్రైండ్‌లో "డెఫినిట్లీ లాస్ట్" కింద మీ ఫంక్షన్ పేరు, అదీ ఎర్రర్ వచ్చే టెస్ట్‌లలో మాత్రమే కనబడుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.