వాగు పూడిక తీయడానికి అద్దెకు తెచ్చిన పొక్లెయిన్: ఐదుకు మూడు స్టార్లు

మాది నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. ఊరి పక్క వాగు పోయి మంజీరలో కలుస్తుంది. పూడిక పేరుకుని, తుమ్మలు మొలిచి, ఏది వాగో ఏది చేనో తెలియకుండా అయింది. ఈ ఎండాకాలం పదకొండు మంది రైతులం తలా కొంత వేసుకుని నాలుగు వందల మీటర్లు తీయించాం. మిషన్ వాళ్ళ పేరు రాయను, మళ్ళీ వాళ్ళతోనే పని పడొచ్చు.

గంటకు 1,800, డీజిల్ వాళ్ళదే. చెప్పిన రోజే పొద్దున ఏడింటికల్లా ట్రెయిలర్ మీంచి పొక్లెయిన్ దిగింది. మే నెలలో మిషన్ దొరకడమే గొప్ప, అందుకే ఒక స్టార్.

మిగతా రెండూ మొదటి ఆపరేటర్‌వి. బిహార్ కుర్రాడు. మా పెద్దనాయన కర్ర పాతి "ఇక్కడిదాకా భయ్యా" అంటే అక్కడిదాకానే తీసేవాడు. ఒండ్రు అయిపోయి మొరం తగలగానే బకెట్ ఆపేవాడు. గట్టును మీటరు లోతుకు మీటరున్నర వాలు వచ్చేలా చెక్కి, బకెట్ వీపుతో తట్టి సాపు చేశాడు. తీసిన ఒండ్రు ఏ రోజుకారోజు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నాం.

మూడో రోజు ఆపరేటర్ మారాడు. నేను అన్నం తిని వచ్చేసరికి మొరం కూడా తవ్వేసి, గట్టు గోడలా నిలువుగా కోసేసి, ఒడ్డునున్న రెండు కానుగ చెట్లను వేళ్ళతో సహా పెకిలించాడు. "లోతైతే నీళ్ళెక్కువ ఆగుతాయి" అని పైగా నాకే చెప్పాడు. అడుగు ఒక్కచోట గొయ్యిలా దిగితే ఎగువ నీళ్ళు అందులోకి దూకుతాయి, కోత పైకి పాకుతుంది. 2014 డిసెంబరులో మొదలైన మహారాష్ట్ర సర్కారు నీటి పథకం జలయుక్త శివార్‌లోనూ ఇదే గొడవ. నాలాలను శాస్త్రం లేకుండా తవ్వుతున్నారని ఆర్థికవేత్త హెచ్.ఎం. దేసరడా బాంబే హైకోర్టు దాకా వెళ్ళారు. మాకు కోర్టు అక్కర్లేకపోయింది. మిరుగం మొదటి వానకే ఆ నిలువు గట్టు ముప్పై అడుగుల మేర కూలి వాగులో పడింది. కర్ర పాతిన వైపు మట్టి పెళ్ళ కూడా రాలలేదు.

ఇక బిల్లు. మిషన్‌లో ఉండే మీటరు లెక్కేసేది ఇంజిన్ తిరిగిన గంటలు, తవ్విన గంటలు కాదు. రెండో ఆయన టీ తాగినా, ఫోన్ మాట్లాడినా ఇంజిన్ ఆపడు. పొద్దునా సాయంత్రం రీడింగ్ ఫొటో తీసుకున్నాను గానీ ఈ కిటుకు నాకు తట్టలేదు. గట్టిగా అడిగితే మూడు గంటలు తగ్గించారు. చెట్ల మాటెత్తితే నవ్వి ఊరుకున్నారు.

కూలిన చోట మట్టి మళ్ళీ తీయించాలి. ఆ బిహార్ కుర్రాడు వస్తానంటేనే పిలుస్తాం. అతని నంబరు పెద్దనాయన దగ్గరుంది.