పెల్లెట్ బ్రీచ్‌లో కూర్చోకపోతే: ఇత్తడి సీటర్ వాడి చూశాక

ఎయిర్ రైఫిల్‌లో వాడే సీసపు గుళ్లు, అంటే పెల్లెట్ల టిన్ను మీద 4.5 ఎం.ఎం. అని ఉంటుంది, రైఫిల్ మీదా అదే అంకె. అయినా టిన్నులో కొన్ని పెల్లెట్లు బ్రీచ్‌లోకి, అంటే బ్యారెల్ వెనక కొనలో పెల్లెట్ పెట్టే రంధ్రంలోకి, సగం పోయి మొండికేస్తాయి. బొటనవేలితో నొక్కితే ఎలాగో దిగుతాయి గానీ, స్కర్ట్ (పెల్లెట్ వెనక వైపు గంటలా విచ్చుకున్న భాగం) అంచు ఒక పక్కకు వాలిపోతుంది. ఒక్కోసారి వెంట్రుకవాసి బయట మిగిలిపోతుంది. నాది బ్యారెల్ వంచి లోడ్ చేసే రైఫిల్ కాబట్టి, మూసేటప్పుడు ఆ మిగిలిన అంచు నలుగుతుంది. ఆ తర్వాత అది గురిపెట్టే కార్డు మీద ఎక్కడ తగులుతుందో చెప్పలేం. పది మీటర్ల రైఫిల్ కార్డులో పది మార్కుల చుక్క వెడల్పేమో అర మిల్లీమీటరు!

దీనికి వాడే పనిముట్టును పెల్లెట్ సీటర్ అంటారు. పెన్ను లాంటి కడ్డీ, ఒక కొన గుండ్రంగా, ఇంకో కొన కోసుగా ఉంటుంది. కోసు కొనతో సొట్టపడిన స్కర్టును సరిచేస్తాం, గుండ్రటి కొనతో పెల్లెట్‌ను తిన్నగా లోపలికి దించుతాం. మొదట ఆన్‌లైన్‌లో స్టీలుది తెప్పించుకున్నాను. పని బాగానే చేసింది గానీ, అది బ్యారెల్ లోపలి గాడులకు తగిలి గీత పడుతుందేమోనని ఎప్పుడూ టెన్షన్. ప్లాస్టిక్ పిడి కూడా కొన్నాళ్లకే వదులైంది.

దాన్ని పట్టుకుని ప్రొద్దుటూరులో ఒక లేత్ షాపుకు పోయి, ఇదే ఇత్తడిలో కావాలన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందన్నా ఇది, ఉలి గాదు, సూది గాదు" అన్నాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే చేసిచ్చాడు. నేను ప్రత్యేకంగా అడిగింది ఒక్కటే, గుండ్రటి కొన పైన చిన్న మెట్టు. ఆ మెట్టు బ్రీచ్ అంచుకు ఆనగానే కడ్డీ ఆగిపోతుంది, కాబట్టి ప్రతి పెల్లెట్టూ ఒకే లోతుకు పోతుంది. కొన్న వాటికంటే ఇది మేలైంది ఇక్కడే. ఊరు ప్రొద్దుటూరాయె, మెరుగు పెట్టేవాళ్లకు కొదవా? బంగారు పనిచేసే మా బంధువొకాయన కోసు కొనను అద్దంలా నున్నగా చేసిచ్చాడు. అంతా కలిపి మంచి పెల్లెట్ల టిన్ను ఖరీదు కూడా కాలేదు.

ఇన్నాళ్ల వాడకంలో తేలింది చెప్తాను. కోసు కొనకు నా మార్కులు నిండుగా. పెల్లెట్లు మెత్తటి సీసం, స్కర్ట్ పలుచన. కొరియర్‌లో టిన్ను ఒక మూల సొట్టపడి వచ్చిందంటే అందులో నెలవంకలా నొక్కుకుపోయినవి చాలానే ఉంటాయి. కోసు కొనను స్కర్టులో పెట్టి, వేళ్ల మధ్య మెల్లగా ఒక చుట్టు తిప్పితే మళ్లీ గుండ్రంగా వస్తుంది. బలం పెడితే మాత్రం స్కర్ట్ విచ్చుకుని, మొదటికంటే బిగుతవుతుంది. సరిచేసిన వాటిని వంటింటి అరుగు మీద కడప బండపై దొర్లిస్తాను. తల సన్నం, స్కర్ట్ వెడల్పు కాబట్టి ఏ పెల్లెట్టూ నేరుగా దొర్లదు, వంపు తిరుగుతుంది. బాగున్నది నున్నగా తిరుగుతుంది, వంకర ఉన్నది కుంటుతుంది. కుంటేవి కార్డుకు పనికిరావు, రైఫిల్ వేడెక్కించడానికి వాడతాను. (ఆ బండను వెంటనే సబ్బుతో కడగకపోతే ఇంట్లో తిట్లు ఖాయం, అవి న్యాయమైన తిట్లే. సీసం అంటిన చేతులతో అన్నం తినకూడదు. పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.)

గుండ్రటి కొన సంగతి వేరు. అది తిన్నగా దించుతుంది, నిజమే. కానీ పెల్లెట్ తలే పెద్దదైతే సీటర్ ఏం చేయగలదు? చెక్ దేశపు జెఎస్‌బి టిన్నుల మీద 4.50, 4.51, 4.52 అని తల సైజు చీటీ ఉంటుంది. నా బ్యారెల్‌కు 4.52 బిగుతు, 4.50 హాయిగా కూర్చుంటుంది. కాబట్టి కొనేటప్పుడు ఆ చీటీ చూస్తే సగం తలనొప్పి పోతుంది. రింగులోంచి ఒక్కొక్క పెల్లెట్‌ను నెట్టి సైజు తగ్గించే సైజర్ డై కూడా తెప్పించి చూశాను. టిన్నుకు ఐదొందల పెల్లెట్లు, ఒక్కొక్కటీ నెట్టాలి! డ్రాయర్లో పడుంది, కావాలంటే ఎవరికైనా ఇచ్చేస్తాను.

ఇక ఏ టిన్నులోవైనా ఒకే చోట ఆగుతున్నాయంటే తప్పు పెల్లెట్లది కాదు, బ్రీచ్‌ది. చెవిలో పెట్టుకునే దూది పుల్లను బ్రీచ్ అంచు చుట్టూ లోపలివైపు తిప్పి చూడండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ లోహం లేచి ఉన్నట్టు. నా రైఫిల్‌కు గడియారంలో ఆరు అంకె ఉండే చోట, అంటే అడుగున, చిక్కుకుంది. అమ్మినవాళ్లను అడిగితే "వాడేకొద్దీ అరుగుతుంది" అన్నారు. అరగలేదు. చివరికి బ్యారెల్ లోపల నూనె తడిపిన గుడ్డ కూరి, గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూకు మెకానిక్ షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు చిటికెడు పూసి, చేత్తోనే అటూ ఇటూ తిప్పుతూ నున్నగా చేశాను. డ్రిల్లు పెట్టకండి. బ్రీచ్ చుట్టూ ఉండే రబ్బరు రింగును ముందే తీసేయాలి, పేస్టు నలుసు కూడా మిగలకుండా తుడవాలి. వారంటీ ఉన్న రైఫిల్ అయితే ఈ పని మీరు చేయకండి, వాళ్లతోనే చేయించండి. అంచు నున్నబడ్డాక గుండ్రటి కొన అవసరం నాకు చాలా తగ్గింది.

చూసినవాళ్లంతా లైసెన్సు ఉందా అని అడుగుతారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 ఎం.ఎం., శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. కొట్టంలో ఇనుప పెట్టె ముందు కార్డు పెట్టుకుని కొట్టుకోవడం వరకే నా పని. చేలో నెమళ్లు, కోతులు పడ్డాయి, ఒకసారి రా అన్నా అని పిలిచేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి చట్టం ఒకటుందని చెప్పి పంపించేస్తాను.

బ్యారెల్ వంచే రైఫిల్ ఉన్నవాళ్లు సీటర్ చేయించుకోవచ్చు, చేయిస్తే ఇత్తడిలోనే, మెట్టుతో. గాలి సిలిండర్ ఉండే పీసీపీ రైఫిళ్లలో బోల్టు కొనే పెల్లెట్‌ను లోపలికి తోస్తుంది కాబట్టి వాళ్లకు గుండ్రటి కొన దండగ. కోసు కొన ఒక్కటి చేయించుకుంటే చాలు.