ఫైర్ అలారం సిగ్నల్: ఫోన్ లైనా, సెల్యులారా?

1852లో బోస్టన్‌లో టెలిగ్రాఫ్ తీగల మీద మొదలైన ఫైర్ అలారం కబురు ఇప్పుడు మొబైల్ నెట్‌వర్క్ దాకా వచ్చింది. భవనంలో అలారం మోగితే ఆ కబురు దూరంగా ఉండి గమనించే మానిటరింగ్ సెంటర్‌కి ఏ దారిలో చేరాలన్నదే ప్రశ్న.

ఖర్చు: ఫోన్ లైన్‌కి నెలనెలా అద్దె. సెల్యులార్‌కి ముందు కమ్యూనికేటర్ (మొబైల్ నెట్‌వర్క్ మీద సిగ్నల్ పంపే యూనిట్) కొనాలి, తర్వాత సిమ్ చార్జీ.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఫోన్ లైన్‌కి తగిలించిన డయలర్ (తనే నంబర్ కలిపే పరికరం) సెంటర్ నంబర్ కలిపి, అవతలి రిసీవర్ టోన్ ఇచ్చాకే కోడ్ పంపుతుంది. ఆ దారిలో ఎక్కడో లోపం వస్తే తర్వాతి టెస్ట్ కాల్ దాకా తెలియకపోవచ్చు. ఇది నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం. సెల్యులార్ యూనిట్ మధ్యమధ్యలో సంకేతం పంపుతూనే ఉంటుంది. ఆగిందంటే మానిటరింగ్ సెంటర్‌కి తెలిసిపోతుంది. కాకపోతే 3జీ లాంటి నెట్‌వర్క్ మూసేస్తే యూనిట్ మార్చాల్సిందే.

రాగి ఫోన్ లైన్ ఇంకా బాగుండి, అలారం ప్యానెల్ (కంట్రోల్ పెట్టె) దగ్గర మొబైల్ సిగ్నల్ అందకపోతే పాతదే ఉంచండి. లైన్ తరచూ పోతుంటే సెల్యులార్‌కి మారండి. మనుషులు నిద్రపోయే భవనమైతే సెల్యులార్, ఇంటర్నెట్ రెండూ పెట్టించండి.