నొప్పికీ దిగులుకీ ఒకే మాత్ర: అమిట్రిప్టిలిన్ మేలా, డులోక్సెటిన్ మేలా?

ఏళ్ల తరబడి వదలని నడుంనొప్పికో, షుగర్‌తో వచ్చే కాళ్ల మంటలకో డాక్టర్ రాసిన మాత్ర గురించి ఫోన్‌లో వెతికితే "డిప్రెషన్ మందు" అని కనబడుతుంది. "నాకేమైనా పిచ్చా?" అని కొందరు అక్కడితో ఆపేస్తారు. నిజానికి సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు మనసు స్థితి మీదే కాదు, నొప్పి మీదా పనిచేస్తాయి. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నరాల ద్వారా నొప్పి సంకేతాలను అణుస్తాయి. రెండు మందులూ బలం ఇచ్చేది ఆ దారికే.

అమిట్రిప్టిలిన్ పాతది, 1960ల నాటిది. చవక. నొప్పికి రాత్రిపూట 10 లేదా 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, నిద్ర కూడా పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ మోతాదు దిగులుకు సాధారణంగా చాలదు. దానికి 75 నుంచి 150 దాకా కావాలి. అంత దూరం వెళ్తే నోరెండడం, మలబద్ధకం, పగలంతా మత్తు. ప్రోస్టేట్ వాపు, గ్లకోమా, గుండె లయ తేడాలు ఉన్న పెద్దవాళ్లకు ఇది అంతగా నప్పదు. మోతాదు మించి మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

డులోక్సెటిన్‌కు అమెరికాలో 2004లో డిప్రెషన్‌కీ, షుగర్ నరాల నొప్పికీ అనుమతి వచ్చింది. చాలామందికి రోజుకు 60 మిల్లీగ్రాములు రెండు పనులకూ సరిపోతుంది. మొదట్లో వికారం, చెమటలు మామూలే. లివర్ జబ్బుంటే వద్దు. బీపీ చూసుకుంటూ ఉండాలి.

దిగులు గట్టిగా ఉంటే నా మొగ్గు డులోక్సెటిన్ వైపే. నిద్రలేమే అసలు బాధైతే చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్. ఏదైనా ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టర్‌కు చెప్పకుండా హఠాత్తుగా మానేస్తే తల తిరుగుతుంది.