స్ప్రింగ్ బూట్ 3 ప్రాబ్లమ్‌డీటెయిల్: ఉల్లి మండీ యాప్‌లో వాడి చూశాక

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి లాట్లు నమోదు చేసే యాప్ ఒకటుంది. దాని వెనక సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ (ఏపీఐ) నాది. ఒకరోజు పొద్దున్నే మండీ గుమస్తా ఫోన్ చేశాడు. "అన్నా, 500 అని పడతాంది. ఐదునూర్లు కట్టల్లనా?"

చూస్తే తూకం గడి ఖాళీగా వదిలేశాడు, అంతే. పంపిన వివరాల్లో తప్పుందని చెప్పే 400 రావాల్సిన చోట, సర్వరే చెడిందని చెప్పే 500 పంపింది నా కోడ్. అవతల రైతులు బస్తాలు దించుకుని నిలబడి ఉన్నారు. చాలా బాధేసింది.

ఆ వారమే స్ప్రింగ్ బూట్ (జావాలో సర్వర్ ప్రోగ్రాములు రాసే ఫ్రేమ్‌వర్క్) 3.2కి మారి, ఎర్రర్లన్నీ ఒకే రూపంలో పంపే ప్రాబ్లమ్‌డీటెయిల్ పెట్టాను. ఎర్రర్ ఏ రూపంలో పంపాలో 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7807 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పింది, 2023లో దాని స్థానంలో 9457 వచ్చింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అని ఐదు గడులు. మనకు కావాల్సినవి అదనంగా చేర్చుకోవచ్చు. తప్పు ఏ పెట్టెలో ఉందో చెప్పడానికి నేను "గడి" అని ఒకటి చేర్చాను, యాప్ దాన్ని చూసి ఆ పెట్టెనే ఎర్రగా చూపిస్తుంది.

సెట్టింగుల్లో ప్రాబ్లమ్‌డీటెయిల్స్ ఆన్ చేస్తే చాలనుకోకండి. వ్యాలిడేషన్ (పంపిన వివరాలు సరిగా ఉన్నాయా అన్న తనిఖీ) తప్పులకు అది ఇచ్చేది "ఇన్‌వ్యాలిడ్ రిక్వెస్ట్ కంటెంట్" అన్న ఒక్క ముక్కే. ఏ గడి తప్పో చెప్పదు. ఎర్రర్లన్నీ ఒకచోట పట్టుకునే రెస్ట్‌కంట్రోలర్‌అడ్వైస్ రాసి, అందులో వ్యాలిడేషన్ తప్పులకు జవాబిచ్చే మెథడ్ మనమే మార్చుకోవాలి. నాకు నలభై లైన్లు పట్టింది.

నాకు బాగా నచ్చింది భాష సంగతి. ఏ భాష కావాలో చెప్పే యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌లో యాప్ నుంచి "టీఈ" (తెలుగు) వస్తే, స్ప్రింగ్ తెలుగు మెసేజ్‌ల ఫైలు నుంచే మాటలు తీసుకుంటుంది. ఇక్కడ సగం రోజు పోయింది నాకు: తెలుగు ఫైలు ఒక్కటే పెడితే దాన్ని అసలు పట్టించుకోదు, పేరుకైనా ఏ భాషకూ చెందని మామూలు మెసేజ్‌ల ఫైలు పక్కన ఉండాలి. ఇప్పుడు గుమస్తాకి కనిపించేది ఇది: "తూకం రాయలేదు. క్వింటాళ్లలో రాసి మళ్లీ పంపండి." అదే లాటు నంబరు రెండోసారి ఎక్కిస్తే, ముందున్నదానితో పొసగదని చెప్పే 409తో పాటు "ఈ లాటు ముందే ఎక్కింది" అని వస్తుంది. డేటాబేస్ టేబుల్ పేర్లు, ఎస్‌క్యూఎల్ ముక్కలు బయటికి పోనివ్వను, అవి లాగ్‌లోనే ఉంటాయి.

ఒక్క లోటు. లాగిన్ గడువు అయిపోయినప్పుడు వచ్చే 401 (మళ్లీ లాగిన్ కావాలన్న ఎర్రర్), ముందుగా లాగిన్ చూసే సెక్యూరిటీ ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది, అడ్వైస్ దాకా రాదు. దానికి జవాబు పంపే ఆథెంటికేషన్ ఎంట్రీపాయింట్ విడిగా రాయాలి. నేను రాసుకున్నాను. మీరు కూడా మొదటి రోజే రాసుకోండి.