పిల్ల కాలనీకి చిన్న అవుట్‌వరల్డ్: బాగా వాడాక రాస్తున్న సమీక్ష

చీమల్ని పెంచేవాళ్లు కొత్త రాణినీ దాని సంతానాన్నీ ఒక టెస్ట్ ట్యూబ్‌లో ఉంచుతారు: ఒక కొసన దూది వెనక నీళ్లు, మూతికి ఇంకో దూది. ఆ చీమలు మేతకు తిరగడానికి ట్యూబ్‌కి తగిలించే పెట్టెనే అవుట్‌వరల్డ్ అంటారు. ముందే చెప్పేస్తాను, ఈ పెట్టె చీమల్ని బయటికి రప్పించదు. ఏ పెట్టే రప్పించదు. వాటిని బయటికి తోసేది లోపలున్న లార్వాల ఆకలి. ఆ దారికి అడ్డం పడకుండా ఉంటే చాలు, పెట్టె తన పని తాను చేసినట్టే. ఆ లెక్కన ఇది మంచి పెట్టె. మూత దగ్గరా నేల దగ్గరా మాత్రం నాకు కొన్ని పేచీలున్నాయి.

వస్తువు సంగతి. అరచేతి కంటే కాస్త పెద్ద అక్రిలిక్ డబ్బా. ఒక గోడకు టెస్ట్ ట్యూబ్ మూతి పట్టేంత రంధ్రం, అందులో రబ్బరు రింగు. మూతకు సన్నటి స్టీల్ జాలీ, నాలుగు మూలలా అయస్కాంతాలు. అడుగున పల్చటి ప్లాస్టర్ పొర. నేను ఇందులో పెట్టింది కాంపోనోటస్ అనే ప్రజాతికి చెందిన గండుచీమల్ని. అప్పటికి ఒక రాణి, దాని మొదటి కాన్పు కూలి చీమలు, కాసిని గుడ్లు, లార్వాలు. కాలనీ వందల్లోకి వచ్చేదాకా ఇందులోనే పెరిగింది.

"దూది తీసి ట్యూబ్‌ని పెట్టెకి తగిలించాను, ఒక్క చీమా బయటికి రావడం లేదు" అని కొత్తగా పెంచేవాళ్లు కంగారు పడిపోతుంటారు. చాలాసార్లు ఆ కంగారు దండగ. ఈ జాతి రాణి జతకట్టాక రెక్కలు రాల్చేసి, ఒక మూల తలుపులు బిగించుకుని, తిండీతిప్పా లేకుండా మొదటి సంతానాన్ని పెంచుతుంది. ఇక అవసరంలేని రెక్కల కండరాల్నీ ఒంట్లో దాచుకున్న కొవ్వునీ కరిగించి పిల్లలకు పెడుతుంది. అంత పొదుపులో పెరిగిన మొదటి కూలి చీమలు పొట్టిగా, బక్కగా పుడతాయి. పిరికితనమూ ఎక్కువే. పైగా చీమల్లో వయసును బట్టి పని మారుతుంది. లేతవి గుడ్లనీ లార్వాల్నీ చూసుకుంటాయి, ముదిరినవి మేతకు వెళ్తాయి. బయట ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి ఆ పని ఎక్కువ బతికినవాటి వాటా. పిల్ల కాలనీలో అసలు ముదురు చీమలే ఉండవు. ఉన్న ఆరేడింటిలో ఒకటి తిరిగిరాకపోతే ఆ నష్టం చిన్నది కాదు.

అంత చిన్న కాలనీకి కావలసిన తిండీ చిన్నదే. చీమకు తన కోసం అరిగించుకునే కడుపు కాక, పదిమందికి పంచడానికి మోసుకొచ్చే సంచి ఒకటి వేరే ఉంటుంది. ఒక్క చీమ వెళ్లి ఆ సంచి నింపుకొస్తే నోటి నుంచి నోటికి అందిస్తూ కాలనీ అంతటికీ సరిపెడుతుంది. పైగా గండుచీమల్లో చాలా రకాలు రాత్రిపూట తిరిగేవి. కాబట్టి "రావడం లేదు" అంటే తరచూ "నేను చూస్తున్నప్పుడు రావడం లేదు" అనే. పెట్టె వైపు కాదు, ట్యూబ్‌లో ఉన్నవాటి పొట్టల వైపు చూడండి. పొట్ట మీది పలకలు దూరం జరిగి, మధ్యలో లేత పొర చారలు చారలుగా కనిపిస్తుంటే అవి తిన్నట్టే. పలకలు ఒకదాని కిందికి ఒకటి దూరిపోయి, పొట్ట ముడుచుకుపోయి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఇక పెట్టెలో నాకు అన్నింటికన్నా నచ్చింది, చూడటానికి ఏమీ లేని ఒక చిన్న ముక్క. ట్యూబ్ మూతిలో దూర్చే బిరడా, దాని మధ్యలో ఒక చీమ హాయిగా పట్టే బెజ్జం. అది లేకుండా ట్యూబ్ మూతి బార్లా తెరిచి ఉన్నన్నాళ్లూ నా చీమలు చేసింది ఒకటే పని: దూది పోగులు పీకడం, చెత్త ఈడ్చుకురావడం, ఆ మూతికి అడ్డుకట్ట వేయడం. అంత వెడల్పు వాకిలిని నాలుగు చీమలు కాచుకోలేవు మరి. బిరడా పెట్టాక అడ్డుకట్టల పని తగ్గిపోయింది. బెజ్జం దగ్గర ఒక చీమ కాపలా నిలబడింది, మీసాలు మాత్రం బయటికి పెట్టి. వెలుతురు కూడా లోపలికి తక్కువ పడుతుంది, అదీ కలిసొచ్చింది. వేరే పెట్టె కొన్నా సరే, ఇలాంటి ముక్క ఉందో లేదో చూసుకోండి. లేకపోతే స్ట్రా ముక్క చుట్టూ దూది చుట్టి దూర్చినా పనవుతుంది.

మొదటి చీమ బయటికి రావడం నేను ఎర్ర లైటు కింద చూశాను. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ లబక్ రంగు గాజుల కింద చీమల్ని పెట్టి, అవి ఊదా వెలుగు నుంచి పారిపోతాయనీ ఎరుపును పెద్దగా పట్టించుకోవనీ గమనించాడు. పెంచేవాళ్లు ట్యూబ్‌కి ఎర్ర ఫిల్మ్ చుట్టేది అందుకే. ఆ చీమ ముందు బెజ్జం అంచును మీసాలతో చుట్టూ తడిమింది. తన ఒంటి పొడవంత బయటికి వచ్చి, గిర్రున వెనక్కి తిరిగి లోపల దూరింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకాస్త ముందుకు. నేల మధ్యలోకి రానే రాలేదు. ఒక పక్క గోడకు ఆనుకుని, ఆగుతూ, పొట్ట కొసను నేలకు తాకిస్తూ పోయింది. అలా పోతూ తేనె నీటి చుక్కకు తగిలింది. దవడలు విప్పి అక్కడే బిగుసుకుపోయింది, మీసాలు కూడా కదలడం లేదు. పొట్ట మీద లేత చారలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. తిరుగు ప్రయాణంలో ఈ తడబాటేమీ లేదు, వచ్చిన దారినే పరుగు. లోపల ఎదురైన చీమ ముందు ఒళ్లు ముందుకూ వెనక్కీ జాడించి, దాని నోటికి ఒక బొట్టు అందించింది. కాసేపటికి ఆ రెండోది కూడా బెజ్జం దగ్గరికొచ్చింది.

ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. గోడ వెంబడే నడుస్తాయి కాబట్టి తిండిని అందంగా మధ్యలో పెట్టకూడదు. వాకిలికి దగ్గర్లో, గోడకు ఆనించి పెట్టాలి. అక్కడ అలవాటు పడ్డాక వారానికి కొంచెం చొప్పున దూరం జరుపుతూ పోతే అవే పెట్టె అంతా తిరగడం మొదలుపెడతాయి.

మొదటి చీమ ఆలస్యం, తర్వాతివి తొందర, ఇది అందరికీ ఎదురయ్యేదే. ఎడారి గింజచీమల మీద ఏళ్ల తరబడి పనిచేసిన డెబొరా గోర్డన్ దీనికి దగ్గరి సంగతి ఒకటి చూపించింది. మేతకు పోయినవి తిరిగొచ్చి లోపలి వాటికి ఎంత త్వరత్వరగా తగులుతుంటే, బయటికి వెళ్లేవి అంత పెరుగుతాయి. రాణి హుకుం ఏమీ ఉండదు. నా గండుచీమలు వేరే జాతి, అయినా పిల్ల కాలనీని చూస్తుంటే ఇదే గుర్తొస్తుంది: తిరిగొచ్చేవే లేనప్పుడు వెళ్లేవాటిని కదిలించేదెవరు?

ఇప్పుడు పేచీలు. మూత అయస్కాంతాలు మరీ బలమైనవి. వదిలితే టప్పున అతుక్కుంటాయి, ఆ దెబ్బకు మేతకొచ్చినవన్నీ ట్యూబ్‌లోకి. గాలిలో మన మాటల్ని చీమలు పట్టించుకోవు కానీ నేలలో పుట్టే అదురు వాటికి బాగా తెలుస్తుంది. కాంపోనోటస్‌లో కొన్ని జాతులు ప్రమాదం చెప్పుకునేదే నేలను దవడలతో, పొట్టతో కొట్టి. అలాంటి చీమలకు ఇలాంటి మూత ఎవరు తగిలించారో మరి! మూత అంచున ఒక అట్టముక్క అడ్డం పెట్టి, మూత దించాక మెల్లగా లాగేస్తే చప్పుడు ఉండదు. పెట్టె కింద స్పాంజి ముక్క కూడా వేశాను. రోజుకు పదిసార్లు తీసి చూడాలనే మన చాపల్యానికి మాత్రం స్పాంజి పనిచేయదు.

ప్లాస్టర్ నేల కంటికి బాగుంటుంది, తేనె పడితే మరక, తడి నిలిస్తే బూజు. దాని మీద సన్న ఇసుక పల్చగా చల్లాను. చీమ కాళ్లకు పట్టు దొరికింది, ఆపైన తేనె చుక్క మీద ఇసుక రేణువులు తెచ్చి పోయడం కూడా మొదలుపెట్టాయి. అది అలక కాదు, మిగిలిన జిగురును కప్పేయడం చీమలకు అలవాటే. అందుకే తీపిని చిన్న రేకు ముక్క మీద బొట్టుగా పెట్టాలి. పెద్ద చుక్క పెడితే మొదటి కాన్పు చీమలు అందులోనే మునిగి చస్తాయి.

చీమలు పాకి బయటపడకుండా గోడల పైఅంచున రాసే టెఫ్లాన్ పూత పెట్టెతోపాటే వస్తుంది. పొడిగా ఉంటే గట్టి కాపలా, తేమ ఎక్కితే జారుడు తగ్గుతుంది. వేలు తగిలిన చోటల్లా లేచిపోతుంది కూడా. అప్పుడప్పుడు మళ్లీ రాయక తప్పదు.

తిండి గురించి ఒక్క మాటకు లోబడితే చాలు: తీపి కూలి చీమలకు, మాంసకృత్తులు లార్వాలకు, రాణికి. ఎదిగిన చీమలు గట్టి ముక్క మింగలేవు, లార్వాలు దాన్ని అరిగించగలవు. లోపల లార్వాలు లేనప్పుడు పురుగు ముక్క పెట్టి "ముట్టుకోవడం లేదు" అనుకుంటే లాభం లేదు. లార్వాలు లావెక్కే రోజుల్లో అదే ముక్కను ఈడ్చుకుపోతాయి. పురుగును వేడినీళ్లలో ముంచి చంపి, నిలువునా చీల్చి పెడితే పిరికివాటికి కూడా ధైర్యం వస్తుంది. ఆకలితో మాడిస్తే బయటికి వస్తాయని కొందరు చెబుతారు. ఒకటి రెండు రోజుల విరామం ఫరవాలేదు. అంతకు మించి మాడిస్తే అవి తమ గుడ్లనీ లార్వాల్నీ తినేయవచ్చు. దానికన్నా ట్యూబ్‌లో లార్వాలున్న చోటుకి కాస్త వెచ్చదనం ఇవ్వడం నయం. 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే పిల్లలు చురుగ్గా పెరుగుతాయి, వాటితో ఆకలీ పెరుగుతుంది. నీళ్లున్న వైపు మాత్రం వేడి పెట్టకండి, గాజంతా చెమ్మ పట్టేస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు పెట్టె మొత్తం కడిగేయవద్దు. చీమలు నడిచిన చోట వాటి కాళ్ల మైనపు వాసన మిగులుతుంది, ఇది మన చోటే అని తెలిసేది దానితోనే. అంతా కడిగితే మళ్లీ గోడ పట్టుకుని తడబడే మొదటి రోజులకే వెళ్తాయి. చెత్తకు అవే ఒక మూల ఎంచుకుంటాయి, ఆ మూల ఊడ్చి ఊరుకోవాలి.

కొండలూ మొక్కలూ ఉన్న పెద్ద పెట్టెలు చూసి మనసు లాగుతుంది. పిల్ల కాలనీకి వద్దు. చచ్చిన పురుగు ముక్క ఏ రాయి కింద బూజు పట్టిందో వెతకలేక చస్తాం. కాలనీ వందలు దాటాక నేను గొట్టంతో పెద్ద పెట్టెకి కలిపాను, దీన్ని దారిలో తిండి గదిగా ఉంచాను. ఇన్నాళ్లలో పాడైంది రబ్బరు రింగు ఒక్కటే. వదులైపోయింది, విడిగా అమ్మడం లేదు. సిలికాన్ గొట్టం ముక్కను చీల్చి చుట్టాను, ట్యూబ్ ఇప్పుడు మునుపటికన్నా బిగువుగానే ఉంది.